పోపుల డబ్బాలో ప్యాకెట్లు: ఏఆర్టీ సెంటర్ నిరోధ్, నీళ్ళ జెల్, ఆడవాళ్ళ కండోమ్... తొమ్మిదేళ్ళు వాడాక నా రివ్యూ

ఫోన్ కవర్లకీ మిక్సీలకీ జనం పేజీలు పేజీలు రివ్యూలు రాస్తారు, కండోమ్‌కి మాత్రం రాసేది మగవాళ్ళే, అదీ ఫ్లేవర్ ఎలా ఉంది, డాటెడ్ బాగుందా లేదా అని. నాలాంటి ఆడదానికి కావాల్సిన సంగతి అందులో ఒక్కటీ దొరకదు. నేను హెచ్ఐవీ పాజిటివ్. మా ఆయన నెగటివ్. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్లో మాలాంటి జంటని డిస్కార్డెంట్ కపుల్ అని రాసుకుంటారు. 2016లో పెళ్ళయింది, అన్నీ తెలిసే చేసుకున్నాడు, ఆరు నెలలకోసారి వెళ్ళి టెస్టు చేయించుకుంటాడు, ఇప్పటికీ నెగటివే. ఈ తొమ్మిదేళ్ళలో మా ఇంట్లో కండోమ్ అంటే ఉప్పూ పప్పూ లాగా అయిపోకముందే తెచ్చి పెట్టుకునే సరుకు, అందుకని దీని గురించి నాలుగు ముక్కలు చెప్పగలననే అనుకుంటున్నా. కొత్తగా రిపోర్టు చేతికొచ్చి, ఇంక నా బతుకులో మొగుడూ సంసారం అనేవి లేవు అని రాత్రిళ్ళు ఏడ్చే వాళ్ళు ఎక్కడో ఒకళ్ళు చదువుతారని సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నా.

నేను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు ఎక్కడ చూసినా ఒకటే ఎయిడ్స్ ప్రచారం బోర్డు, పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అని. మా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటది. బస్టాండులో, గోడల మీద, అందరం నవ్వుకుంటూ చదివేవాళ్ళం. వస్తుందా రాదా అని అడిగారు గానీ వచ్చాక పులిరాజా ఏం చేయాలో, పులిరాజా పెళ్ళాం ఏం చేయాలో ఎవరూ చెప్పినట్టు నాకు గుర్తు లేదు. నా మొదటి భర్త బోరు బండి మీద పనికి వెళ్ళేవాడు, నెలల తరబడి ఊళ్ళు తిరిగేవాడు, 2011లో పోయాడు. ఆయన చివరి రోజుల్లో ఆస్పత్రిలో నాకూ టెస్టు చేశారు. పాప అప్పటికి చిన్నది, దానికి లేదు, ఆ దేవుడికి దండం. నాకు ఉంది. అంతే, ఆ కథ ఇక్కడ అనవసరం, సరుకు గురించి చెప్తా.

ముందు ఏఆర్టీ సెంటర్లో ఫ్రీగా ఇచ్చే నిరోధ్. మా ఊళ్ళల్లో ఏ కంపెనీది అయినా కండోమ్‌ని నిరోధ్ అనే అంటారు, అంత పాత పేరు. 1968లో మొదలుపెట్టింది గవర్నమెంటు, మా అమ్మమ్మ వాళ్ళ కాలంలో ఎర్ర త్రికోణం బొమ్మ వేసి గోడల మీద రాసేవాళ్ళంట. తయారు చేసే హిందుస్థాన్ లేటెక్స్ (ఇప్పుడు హెచ్ఎల్ఎల్ అంటారు) కూడా గవర్నమెంటుదే, కేరళలో తిరువనంతపురంలో ఉంది, మూడ్స్ అని మెడికల్ షాపులో అందమైన డబ్బాలో అమ్మేది కూడా వాళ్ళదే. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఫ్రీగా వచ్చింది కాబట్టి నాసిరకం అనే అనుమానం నాకు రెండేళ్ళు ఉంది. డబ్బులు పెట్టి కొంటేనే గట్టిది అనుకుని టైలరింగ్ డబ్బుల్లోంచి తీసి కొనేదాన్ని, ఒక్కోసారి జాకెట్టు కుట్టిన కూలి ఒక డబ్బాకే పోయేది. తర్వాత కౌన్సిలర్ మేడం చెప్పింది, ప్రతి బ్యాచ్‌నీ గాలి నింపి పగిలేదాకా చూస్తారు, నీళ్ళు పోసి కారుతుందేమో చూస్తారు, ఫ్రీదైనా అమ్మేదైనా టెస్టు ఒకటే అని. అప్పట్నుంచి ఫ్రీవే వాడుతున్నాం. ఈ తొమ్మిదేళ్ళలో చిరిగింది ఒక్కసారి, అది కూడా మా తప్పు వల్ల, దాని గురించి కింద చెప్తా. నా మార్కులు ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే దాని మీద జారడానికి రాసి ఉండే తడి నా ఒంటికి చాలదు, అది దాని లోపం అని కూడా అనను, మందులు మొదలెట్టినప్పట్నుంచీ బాబు పుట్టాక ఇంకా ఎక్కువగా నాకు లోపల పొడిగా ఉంటది, మంట పుడతది. చాలామంది ఆడవాళ్ళకి ఇదే బాధ, ఎవరూ బయటికి చెప్పరు, చెప్పకపోగా కండోమ్ పడట్లేదు అని మానేస్తారు. కండోమ్ పడకపోవడం కాదు అది, తడి చాలకపోవడం.

ఇంట్లో పెట్టుకునే విషయం దగ్గర కాస్త ఆగాలి. మాది పల్నాడు. రెంటచింతల ఎండల గురించి టీవీలో చెప్తారే, ఆ చుట్టుపక్కలే. మాది రేకుల ఇల్లు, మే నెలలో మధ్యాహ్నం బీరువా మీద చెయ్యి పెడితే కాలుద్ది. మొదట్లో ఎవరి కంటా పడకూడదని ప్యాకెట్లు ఆ బీరువా మీదే సూట్‌కేసు వెనకాల దాచేదాన్ని. వేడికి రబ్బరు పాడవుద్దని, ప్యాకెట్ మీదే చల్లని పొడి చోట ఉంచమని రాసి ఉంటదని చూడనే లేదు. ఇప్పుడు పాత స్టీలు పోపుల డబ్బా ఒకటి ఉంది, మూత టైటుగా పడుద్ది, లోపలి గిన్నెలు తీసేసి ప్యాకెట్లూ జెల్ ట్యూబూ అందులో పెట్టి మంచం కింద గచ్చు మీద తడి తగలని మూల ఉంచుతా. రేకుల ఇంట్లో చల్లగా ఉండేది ఆ గచ్చు ఒక్కటే. డబ్బాకి ఇప్పటికీ ఎక్కడో మెంతుల వాసన ఉంది. మా ఆయన పర్సులో పెట్టుకునేవాడు, మాన్పించా, వెనక జేబులో కూర్చుని కూర్చుని నలిగిపోయినవి పనికిరావు.

తీసేటప్పుడు కూడా నేను చూసుకునే పద్ధతి ఒకటుంది. లైటు వేసి డేటు చూస్తా. ప్యాకెట్‌ని బొటనవేలితో నొక్కితే లోపల గాలి బుడగ మెత్తగా తగలాలి, తగల్లేదంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే, పక్కన పడేస్తా. కండోమ్‌ని వేళ్ళతో ఒక పక్కకి జరిపి రెండో పక్క గాట్లున్న అంచు దగ్గర చింపాలి, పళ్ళతో చింపకూడదు, కత్తెర అసలు పెట్టకూడదు, టైలర్ని కాబట్టి మొదట్లో నా చెయ్యి కత్తెర మీదకే పోయేది. తొడిగే ముందు కొస పట్టుకుని గాలి తీసేయాలి. తిరగేసి పెట్టామని మధ్యలో తెలిస్తే దాన్నే మళ్ళీ తిప్పి వేయొద్దు, కొత్తది తీయాలి. అయిపోయాక మగవాళ్ళు అలాగే ఉండిపోతారు, అట్లా కాదు, ఇంకా గట్టిగా ఉండగానే మొదలు దగ్గర పట్టుకుని బయటికి రావాలి, ముడేసి కాగితంలో చుట్టి చెత్తలో వేయాలి, లెట్రిన్‌లో వేస్తే పైపు అడ్డం పడుద్ది. ఇదంతా నాకు టెస్టింగ్ సెంటర్లో కౌన్సిలర్ మేడం చెక్క బొమ్మ మీద తొడిగి చూపించింది. ఆవిడ చూపిస్తుంటే నేను గోడకున్న క్యాలెండర్ చూస్తా కూర్చున్నా, ఆవిడ ఆగి, "అమ్మా, ఇటు చూడు, నీ ప్రాణం లాంటి మనిషి కోసం చూపిస్తున్నా" అంది. ఆ మాటకి చూశా. తర్వాత నా చేత కూడా చేయించింది. ఆడవాళ్ళకి చేతికిచ్చి నేర్పించే సెంటర్లు తక్కువ, దొరికితే వదులుకోవద్దు.

ఇక ఆ చిరిగిన సంగతి. 2019 మే నెల. అప్పటికి జెల్ అనేది ఒకటుందని నాకు తెలీదు. మంటగా ఉంటుందని కొబ్బరి నూనె రాసుకునేదాన్ని, ఇంట్లో ఉండేది అదే, పాప జుట్టుకి అదే, పగిలిన మడమలకి అదే, మంచిదే కదా అనుకున్నా. ఆ రాత్రి అయిపోయాక మా ఆయన తీసి చూస్తే కొస దగ్గర లేదు, ఉంగరంలా చుట్టు మాత్రం మిగిలింది. ఇద్దరం లైటు కింద ఆ రబ్బరు ముక్క పట్టుకుని కూర్చున్నాం. ఆయనేం మాట్లాడలేదు, నా చెయ్యి పట్టుకున్నాడు, నాకు మాత్రం గుండె జారిపోయింది, మొదటి ఆయన ఆస్పత్రి మంచం గుర్తొచ్చింది, ఈయన్ని కూడా నేనే చంపేసుకున్నాను అనుకున్నా. తెల్లారేదాకా నిద్ర లేదు, పొద్దున్నే మొదటి బస్సెక్కి సెంటర్‌కి వెళ్ళాం. ఆలస్యం చేయకుండా వెళ్ళడం మేం చేసిన మంచి పని, ఎందుకంటే ఇలాంటిది జరిగాక వైరస్ అంటకుండా నెగటివ్ మనిషికి ఇచ్చే పెప్ మందులు ఉంటాయి, అవి 72 గంటల్లోపు మొదలెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. ఇవ్వాలా వద్దా అనేది డాక్టరు చూసి చెప్తారు. మీకెవరికైనా ఇలా జరిగితే మూడో రోజు దాకా ఏడుస్తూ కూర్చోవద్దు, లేచి వెళ్ళండి.

డాక్టరు గారు నా ఫైలు తెరిచారు. మధ్యలో మడతపెట్టి ఉన్న కాగితం తీశారు, అంతకుముందు నెల వచ్చిన వైరల్ లోడ్ రిపోర్టు, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పేది. ఆ టెస్టు మనదేశంలో మందులు వాడే అందరికీ అని మొదలయ్యింది 2018లో, అంతకుముందు మాకు సీడీ ఫోర్ లెక్కే తెలుసు, ఒంట్లో రోగాలతో పోరాడే కణాల లెక్క అది, ఎంతుంది, పెరిగిందా తగ్గిందా అని అదొక్కటే అడిగేవాళ్ళం. ఆ రిపోర్టు నా ఫైల్లోనే ఉంది, నా సంచిలోనే ఉంది, మూడు వారాలుగా దాన్ని మోసుకు తిరుగుతున్నా, అదేంటో నాకు ఎవరూ చెప్పలేదు, ఇచ్చినామె బాగుంది పో అంది, అంతే. డాక్టరు గారు ఒక లైను మీద వేలు పెట్టి చదివారు, టార్గెట్ నాట్ డిటెక్టెడ్. అంటే రక్తంలో వైరస్ ఉంది గానీ మిషనుకి దొరకనంత తక్కువైపోయింది, మందులు సరిగ్గా వేసుకుంటూ ఇలా కనపడకుండా ఉన్నవాళ్ళ నుంచి కలయిక వల్ల భాగస్వామికి అంటదు, ఈయనకి మందులు అక్కర్లేదు, మీ మనశ్శాంతి కోసం ఇవాళ ఒకసారి, మూడు నెలలయ్యాక ఇంకోసారి టెస్టు చేయించుకోండి చాలు అన్నారు. నేను మూడుసార్లు అడిగా, అంటదా సార్, నిజంగానా సార్ అని. ఆయన విసుక్కోలేదు. యూరప్‌లో మాలాంటి 888 జంటల్ని ఏళ్ళ తరబడి చూశారంట, కండోమ్ లేకుండా 58,000 సార్లు కలిసినా పార్ట్‌నర్ నుంచి అంటిన కేసు ఒక్కటి కూడా లేదంట, 2016లోనే వచ్చింది ఆ లెక్క. అది మాకు పెళ్ళయిన సంవత్సరమే. ఆ సంగతి మూడేళ్ళ ముందు నా చెవిన పడి ఉంటే ఎన్ని రాత్రిళ్ళు ప్రశాంతంగా పడుకునేవాళ్ళమో.

బయటికొచ్చి ఆస్పత్రి ఎదురుగా టీ బండి దగ్గర కూర్చున్నాం. మా ఆయన టీ చేతిలో పట్టుకుని, "చూశావా, మూడేళ్ళ నుంచి నీకు నువ్వే శిక్ష వేసుకుంటన్నావు" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. టీ బండాయన ఎవరో పోయారనుకుని డబ్బులు తీసుకోలేదు.

ఇది చదివి కొందరు, మరి అంటనప్పుడు కండోమ్ ఎందుకు, రివ్యూ ఎందుకు అంటారు. ఇక్కడే జాగ్రత్తగా వినండి. అంటదు అన్నది మందు మీద నిలబడిన మాట. మందు మొదలెట్టి కనీసం ఆరు నెలలు దాటి, వైరల్ లోడ్ పడిపోయిందని కాగితం మీద చూసుకుని, ఆ తర్వాత రోజూ మానకుండా వేసుకుంటేనే. మందు మొదలెట్టిన కొత్తల్లో కండోమే దిక్కు. పెళ్ళిళ్ళనీ తిరణాళ్ళనీ, అత్తగారింట్లో ఎవరైనా చూస్తారనీ వరసగా మాత్రలు మానేసేవాళ్ళని నేను చాలామందిని చూశా, వాళ్ళకి ఆ మాట వర్తించదు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు బస్సుల్లేవు, నా మాత్రలు ఇంకో నాలుగు రోజుల్లో అయిపోతాయి అన్నప్పుడు ఒక పక్క ఫోన్లు చేస్తూ ఇంకో పక్క పోపుల డబ్బాలో ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టుకున్నా. చివరికి ఫీల్డులో తిరిగే అక్క బండి మీద రెండు నెలల మందు తెచ్చిచ్చింది, రోజు మిస్సవలేదు, కానీ ఆ నాలుగు రోజుల్లో నాకు ధైర్యం ఇచ్చింది ఆ డబ్బానే. ఇంకోటి, వైరల్ లోడ్ లేకపోయినా సిఫిలిస్, గనేరియా, పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ ఇవి మందుకి ఆగవు, వాటికి కండోమే. పిల్లలు వద్దనుకున్నప్పుడూ అదే.

పిల్లలు కావాలనుకున్నప్పుడు డాక్టరు గారితోనే మాట్లాడి, వైరల్ లోడ్ మళ్ళీ చూపించుకుని కొన్ని నెలలు మానేశాం. 2021లో బాబు పుట్టాడు. ఆరు వారాలు సిరప్ పోశాం, ఆరు వారాలకి బుజ్జి మడమ మీద గుచ్చి కార్డు మీద రక్తం చుక్కలు తీసుకున్నారు, పద్దెనిమిది నెలలకి ఆఖరి టెస్టు, నెగటివ్. ఆయనా నెగటివే. ఇద్దరు పిల్లలు చాలనుకున్నాం, మళ్ళీ పోపుల డబ్బా బయటికొచ్చింది. అంటుద్దనే భయంతో కాదు ఇప్పుడు వాడేది, ఆ తేడా చెప్పినా పక్కవాళ్ళకి అర్థం కాదు, మా ఇద్దరికీ తెలుసు. అంతకుముందు అది మా ఇద్దరి మధ్య గోడలా ఉండేది.

జెల్ గురించి. నూనె ఏదైనా, కొబ్బరి నూనె, వాజిలీన్, బేబీ ఆయిల్, వెన్న, ఏదైనా సరే రబ్బరుని నిమిషాల్లో మెత్తబరుస్తుంది. మీకు నమ్మకం లేకపోతే కౌన్సిలర్ నాకు చూపించినట్టు చూడండి, బెలూన్ ఊది దాని మీద నూనె రుద్దుతూ ఉండండి, కాసేపటికి టప్పుమంటది. నీళ్ళతో చేసిన జెల్ వాడాలి. మెడికల్ షాపులో కేవై జెల్లీ అని అడిగితే చాలామందికి తెలుసు, వేరే పేర్లతో కూడా ఉంటాయి, అట్ట మీద వాటర్ బేస్డ్ అని ఉందా లేదా అదొక్కటి చూడండి. కండోమ్ తొడిగాక దాని బయటి వైపు బఠాణీ గింజంత రాస్తే చాలు. మధ్యలో ఆరిపోతే మళ్ళీ కొంచెం, లేదా రెండు చుక్కలు మంచినీళ్ళు వేసినా జారుద్ది. నా మంట తొంభై వంతులు దీంతో పోయింది. మా ఆయన కూడా, ఇది ముందే తెలిస్తే బాగుండేది అన్నాడు. ఐదుకి ఐదు, రేటుకి మాత్రం ఏడుపొస్తది, నిరోధ్ ఫ్రీగా ఇచ్చినప్పుడు దాంతోపాటు చిన్న జెల్ సాచెట్ ఇస్తే ఎంత బాగుంటదో. మగవాళ్ళతో కలిసే మగవాళ్ళకి పనిచేసే కొన్ని ప్రాజెక్టుల్లో ఇస్తారని విన్నా, మాకూ ఇవ్వండి అని ప్రతి మీటింగులో అడుగుతున్నా, అడుగుతూనే ఉంటా.

మెడికల్ షాపు అనుభవం అయితే, మా ఊరి పక్క టౌన్లో ఒక షాపు, పేరు వద్దు. మనుషులు లేని టైము చూసుకుని వెళ్ళి, "అన్నా, కండోమ్ ప్యాకెట్ ఇవ్వండి" అంటే అతను నా మెడలో తాళి చూశాడు, మొహం చూశాడు, మీ ఆయన్ని పంపమ్మా అన్నాడు. ఆడది అడిగితే తప్పా? నా ఒంటికి సంబంధించిందే కదా. తర్వాత ఇచ్చాడు, పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, చిల్లర నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టాడు. ఆ షాపు మెట్లు మళ్ళీ ఎక్కలేదు. ఇంకో షాపులో ఒక కుర్రాడు, ఇంటర్ పాసయ్యి ఉంటాడేమో, మామూలు జ్వరం బిళ్ళ ఇచ్చినట్టు ఇచ్చి బిల్లు కొట్టాడు, బిల్లు మీద జీఎస్టీ సున్నా అని ఉంటే ఎందుకు బాబూ అని అడిగా, కండోమ్‌కి ట్యాక్స్ లేదక్కా అన్నాడు. పదేళ్ళ నుంచి అమ్ముతున్నవాడికి లేని మర్యాద ఆ పిల్లాడికి ఉంది. జెల్ ఇప్పటికీ అతని దగ్గరే కొంటా. ఆన్‌లైన్లో కూడా రెండుసార్లు తెప్పించా, అట్టపెట్టె మీద ఏమీ రాయకుండా వస్తది, ఊళ్ళో ఉండేవాళ్ళకి అది సుఖం, కాకపోతే డెలివరీ ఎండలో ఎంతసేపు తిరిగొచ్చిందో అని నాకు మనసులో ఉంటది.

ఆడవాళ్ళ కండోమ్ సంగతి. ఒక ప్రాజెక్టు వాళ్ళు మా మీటింగులో శాంపిల్ ఇచ్చారు. రెండు రింగులు ఉంటాయి, లోపలి రింగు నొక్కి పెట్టుకోవాలి, బయటి రింగు బయటే ఉంటది. మొదటిసారి చేతిలోంచి జారి మంచం కిందికి పోయింది, రెండోసారి సగమే పోయి గుచ్చుకుంది, మూడోసారికి పట్టు దొరికింది. గంటల ముందే పెట్టుకోవచ్చు, అది పెద్ద లాభం, ఆ టైములో ఆపి వెతుక్కునే పని ఉండదు. మామూలు రబ్బరు కాకుండా నైట్రైల్ అనే వేరే రకం రబ్బరుతో చేసినవి చల్లగా ఉండవు, మనిషి వేడి తెలుస్తది. తాగి వచ్చే మొగుళ్ళు ఉన్నవాళ్ళు, వేసుకో అని అడిగితే చెయ్యెత్తే మొగుళ్ళు ఉన్నవాళ్ళు, వాళ్ళకి ఇది చేతిలో ఆయుధం లాంటిది, అందుకే దీన్ని తక్కువ చేసి చెప్పను. మాకు మాత్రం చప్పుడు నచ్చలేదు, కవరు నలిగినట్టు, పక్క గదిలో పాప ఉంటది. రేటు ఎక్కువ, దొరకడం కష్టం. ఐదుకి మూడు. అన్నట్టు ఇది వేసుకున్నప్పుడు ఆయన ఇంకోటి వేసుకోకూడదు, రెండూ రాసుకుని చిరుగుతాయి. మగవాళ్ళు రెండు నిరోధ్‌లు ఒకదాని మీద ఒకటి వేసుకునేది కూడా అంతే, డబుల్ సేఫ్ కాదు అది.

మా మీటింగుల్లో ఎక్కువ వినపడే మాట ఇంకోటుంది, ఇద్దరికీ ఉంది కదా ఇంక కండోమ్ ఎందుకు అని. నాకు చెల్లెలు లాంటి అమ్మాయి, భార్యాభర్త ఇద్దరూ పాజిటివే, ఇద్దరూ మందుల మీదే, పెళ్ళయిన రోజు నుంచీ ఏదీ వాడలేదు. ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, కింద పుండు లేచింది, నొప్పి కూడా లేదు, అదే పోతుందా" అంది. నొప్పి లేదు అంటేనే నాకు భయమేసింది. సురక్ష క్లినిక్‌కి తీసుకెళ్ళా, పెద్దాస్పత్రుల్లో ఉంటది, సుఖవ్యాధులకి ఫ్రీగా చూస్తారు, రక్తం తీసి సిఫిలిస్ అన్నారు. ఇంజెక్షన్ వేశారు, ఆయన్నీ పిలిపించి వేశారు, తగ్గిపోయింది. ఎవరి నుంచి ఎవరికి అని అక్కడ ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇద్దరికీ ఉన్నా వైరస్ ఒకే రకం కాకపోవచ్చు, ఒకళ్ళది మందుకి లొంగని రకం అయితే అది రెండోవాళ్ళకి చేరే అవకాశం ఉంది, ఇద్దరి లోడూ కనపడకుండా ఉంటే ఆ భయం లేదు గానీ ఎంతమంది ఇద్దరి రిపోర్టులూ చూసుకుంటున్నారు? ఇంకా మనలాంటి ఆడవాళ్ళకి గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు వాళ్ళకంటే ఆరు రెట్లు ఎక్కువంట, దానికి కారణం హెచ్‌పీవీ. కండోమ్ దాన్ని పూర్తిగా ఆపదు, తగ్గిస్తది. ఏఆర్టీ డాక్టర్ని అడిగి ఆ క్యాన్సర్ టెస్టు కూడా చేయించుకోండి, ఐదు నిమిషాల పని, నేను వాయిదా వేసి వేసి పోయినేడు చేయించుకున్నా.

చివరిగా సర్వీసు. మందులూ ఫ్రీ, టెస్టులూ ఫ్రీ, నిరోధ్ ఫ్రీ, మనదేశంలో 2004 ఏప్రిల్ నుంచి ఏఆర్టీ ఫ్రీగా ఇస్తున్నారు, దానికి నా ప్రాణం సాక్ష్యం, దాని మీద ఒక్క మాట అనను. కానీ ఇచ్చే తీరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటది. ఇంతకుముందు నేను వెళ్ళిన ఒక చోట, ఎక్కడో చెప్పను, కండోమ్ డబ్బా క్యూ పక్కనే గోడకి తగిలించారు. మందుల కోసం నలభై మంది నిలబడి ఉంటే ఏ ఆడది వాళ్ళందరి ముందు చెయ్యి పెట్టి తీసుకుంటది? డబ్బా ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటది, మరి రిజిస్టర్లో పంచినట్టే రాసుకునేవాళ్ళేమో. ఒకసారి కౌంటర్లో అడిగితే ఆమె, "ఎన్ని కావాలి, అన్నెందుకు" అని అందరికీ వినపడేలా అంది. నా వెనక మా వీధి ఆమె ఉంది, నేనెందుకొచ్చానో ఆమెకి తెలీదు, ఆ రోజు తెలిసి ఉండొచ్చు. మన స్టేటస్ మన ఇష్టం లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టమే చేశారు, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. అదే చట్టంలో మన బాధ్యత కూడా రాశారు, కౌన్సిలింగ్ తీసుకున్న పాజిటివ్ మనిషి అవతలి వాళ్ళకి అంటకుండా జాగ్రత్త పడాలి లేదా ముందే చెప్పాలి అని. నేను పెళ్ళికి ముందే చెప్పా. మా పెళ్ళిచూపులు ఏఆర్టీ సెంటర్ బయట వేపచెట్టు కింద జరిగినయ్, నా ఫైలు ఆయన చేతికిచ్చా.

ఇప్పుడు వెళ్ళే చోట కౌన్సిలర్ గదిలో తలుపేసి మాట్లాడుద్ది. మందుల సంచిలోనే అడుగున ప్యాకెట్లు పెట్టి పైన మాత్రల డబ్బాలు సర్దుద్ది, ఎన్ని అని నోటితో అడగదు, చిన్న చీటీ ఇస్తది, నంబరు రాసిస్తే చాలు. ఎవరికి వచ్చిందో ఆ ఆలోచన, ఆ చీటీకి నా ఐదు స్టార్లూ. మీ దగ్గర అలా లేకపోతే అడగండి, సిగ్గేస్తే 1097కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పక్కర్లేదు.

పాపకి పదిహేడేళ్ళు ఇప్పుడు. పోయిన నెల మంచం కింద ఊడుస్తూ పోపుల డబ్బా తీసి మూత తెరిచింది. నేను కుట్టు మిషను మీద నుంచి చూస్తున్నా, నా కాలు ఆగిపోయింది. అది మూత పెట్టేసి, డబ్బా తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టి, "అమ్మా, ఇందులో రెండిటికి డేటు అయిపోయింది, తీసి పక్కన పెట్టా" అంది. వచ్చే నెల పదకొండున నా మందుల డేటు. చీటీ మీద ఈసారి ముప్పై రాస్తా.